పాత సిట్‌కామ్ మళ్లీ చూస్తున్నారా? మీ చేతిలో ఉన్నది ఏ కాపీ?

పాత కామెడీ సీరియళ్ల మీద వాదనలు చాలావరకు ఒకే తీరున నడుస్తాయి. ఆ ఎపిసోడ్ చివర్లో ఒక చిన్న సీను ఉండేదని ఒకరంటారు, లేనే లేదని ఇంకొకరు. టైటిల్ పాట ఇది కాదని ఒకరు, మొదటి నుంచీ ఇదేనని మరొకరు. ‘ఐ లవ్ లూసీ’కి మొత్తం 179 ఎపిసోడ్లని ఒక లెక్క, 180 అని ఇంకో లెక్క, 181 అని మూడో లెక్క. మతిమరుపు అని కొట్టిపారేయడం తేలికే కానీ, చాలాసార్లు అందరూ చెప్పేది నిజమే. చూసిన కాపీలే వేరు.

ముప్ఫై నుంచి డెబ్భై ఏళ్లుగా చేతులు మారుతూ వచ్చిన సీరియల్ మొదట ప్రసారమైనట్టే మన ముందుకు రావడం అరుదు. నిడివి మారుతుంది, వేగం మారుతుంది, ఫ్రేము మారుతుంది, పాటలు మారుతాయి, ఎపిసోడ్ల వరుస మారుతుంది. కొన్నింటిలో నవ్వులే మాయమవుతాయి. ఈ మార్పులు ఎందుకు జరిగాయో, వాటిని ఎలా పట్టుకోవాలో తెలియకుండా ఒక జోకు పేలిందా లేదా అని చర్చించడం దండగ. ఆ జోకును సగానికి కోసిందెవరో తెలియాలి కదా.

లూసీ నుంచే మొదలుపెట్టాలి

ఆ మూడు లెక్కల సంగతి ముందు తేల్చేద్దాం. ‘ఐ లవ్ లూసీ’ అమెరికాలో సీబీఎస్ చానల్లో 1951 అక్టోబర్ 15న మొదలై 1957 మే 6న ముగిసింది. 1956 డిసెంబర్ 24న ప్రసారమైన క్రిస్మస్ ఎపిసోడ్‌ను పండగ సరుకు అనుకుని పునఃప్రసారాల కట్టలో కలపలేదు. అది 1989లో మళ్లీ తెరమీదికి వచ్చింది. అందాకా స్థానిక చానళ్లలో చూసినవాళ్లకు లెక్క 179. ఆ ఎపిసోడ్‌ను కలుపుకుంటే 180. సీరియల్ అమ్మడం కోసం ముందుగా తీసి, ప్రసారం చేయకుండా ఉంచిన నమూనా ఎపిసోడ్ ఒకటుంది. ఎక్కడుందో తెలియకుండా పోయిన ఆ ఎపిసోడ్‌ను దొరికాక 1990లో చూపించారు. దాన్నీ కలిపితే 181. మూడు లెక్కల్లో ఏదీ తప్పు కాదు.

ఇంత పాత సీరియల్ ఇవాళ్టికీ కడిగిన ముత్యంలా ఎందుకు కనిపిస్తుందన్నది ఇంకా ఆసక్తికరం. 1951 నాటికి అమెరికా టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్ష ప్రసారమయ్యేవి. పశ్చిమ తీరానికి చేరాలంటే టీవీ తెరకు ఎదురుగా సినిమా కెమెరా పెట్టి తీసిన కాపీయే దిక్కు. దాన్ని కినిస్కోప్ అనేవారు. బొమ్మ మసకగా, చుట్టూ అలుక్కుపోయినట్టు ఉండేది. లూసిల్ బాల్, డెజీ ఆర్నాజ్ దంపతులు హాలీవుడ్ వదిలి వెళ్లేది లేదన్నారు. ప్రాయోజకుడైన ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ తూర్పు తీరంలో మసక కాపీ కనిపించడానికి ఒప్పుకోలేదు. మధ్యేమార్గంగా ప్రేక్షకుల ఎదుటే 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద మూడు కెమెరాలతో తీయడం మొదలైంది. ఖర్చు పెరిగింది కనుక దంపతులు పారితోషికం తగ్గించుకుని, బదులుగా ఫిల్ముల మీద హక్కు తీసుకున్నారు. టీవీ చరిత్రలో అంత లాభం తెచ్చిన బేరం ఇంకోటి ఉందా అన్నది అనుమానమే.

ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్. జర్మనీలో మూకీల కాలం నుంచి పేరున్న మనిషి. మూడు కెమెరాలూ ఒకేసారి తిరుగుతున్నప్పుడు ప్రతి షాట్‌కూ లైట్లు మార్చడం కుదరదు. అందుకని సెట్టంతా సమానంగా వెలిగేలా లైట్లు పైనే కట్టారు. సిట్‌కామ్ అనగానే కళ్లముందు మెదిలే నీడల్లేని వెలుతురు అక్కడి నుంచి వచ్చిందే.

నెగటివ్ ఫిల్మ్ రూపంలో మిగిలింది కనుక దాన్ని ఈనాటి స్కానరుతో మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఒక్కటి మాత్రం గమనించండి. శాటిన్ గుడ్డ మీద గుండె ఆకారంతో వచ్చే టైటిల్స్ అసలువి కావు. మొదటి ప్రసారాల్లో ప్రాయోజకుడి సిగరెట్ పెట్టెతో ముడిపడిన బొమ్మల టైటిల్స్ వచ్చేవి. పునఃప్రసారాలకు సిగరెట్టు పనికిరాదు కనుక గుండెను పెట్టారు. ‘అసలు టైటిల్స్’ అని చాలామంది మురిసిపోయేది ఆ మార్చిన టైటిల్స్ చూసే.

ఫిల్మా, టేపా

పాత సిట్‌కామ్ గురించి ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇది. మిగతా సగం జవాబులు దీన్నుంచే వస్తాయి.

ఫిల్మ్ మీద తీసినవి: ‘ఐ లవ్ లూసీ’, ‘డిక్ వాన్ డైక్ షో’, ‘ఛీర్స్’, ‘సైన్‌ఫెల్డ్’, ‘ఫ్రెండ్స్’. వీడియో టేపు మీద తీసినవి: ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’, ‘ది కాస్బీ షో’, ‘గోల్డెన్ గర్ల్స్’, ‘మ్యారీడ్ విత్ చిల్డ్రన్’. దూరదర్శన్ కాలపు మన కామెడీలూ ఎక్కువగా టేపు బాపతే.

టేపులో బొమ్మను కూర్చే అడ్డగీతలు లెక్క పెట్టినట్టుంటాయి. అమెరికా పద్ధతిలో కంటికి కనిపించేవి 480, మన దేశంలోనూ యూరప్‌లోనూ వాడిన పాల్ పద్ధతిలో 576. దాన్ని ఏ యంత్రంలో వేసి తిప్పినా అంతకుమించి వివరం రాదు. టేపు సీరియల్‌కు ‘హెచ్‌డీ’, ‘4కే’ అని ముద్ర వేసి పెట్టారంటే కంప్యూటర్ ఊహించి నింపిన బొమ్మ అనుకోవచ్చు. ముఖం మైనం పూసినట్టు నునుపుగా ఉంటుంది, వెనక గోడమీది క్యాలెండర్ అక్షరాలు ఏ భాషకూ చెందని గీతలైపోతాయి. అనుమానం వస్తే ముఖాలు చూడకండి, వెనకున్న అక్షరాలు చూడండి. మోసం అక్కడ బయటపడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. 1980ల తర్వాత చాలా సీరియళ్లను ఫిల్మ్ మీద తీసి, ఎడిటింగ్ మాత్రం టేపు మీద చేశారు. అప్పట్లో ప్రసారానికి వెళ్లింది ఆ టేపే. వీటిని హెచ్‌డీలోకి తేవాలంటే నెగటివ్ రీళ్లన్నీ వెతికి, మళ్లీ స్కాన్ చేసి, పాత ఎడిటింగ్‌ను చూస్తూ షాట్ తర్వాత షాట్ కొత్తగా కూర్చాలి. రీలు దొరకనిచోట పాత టేపు ముక్కే వాడతారు. ఉన్నట్టుండి ఒక షాట్ మసకబారి, మరుక్షణం మామూలైపోయిందంటే కారణం అదే.

టేపులో ఉన్న అందం వేరు. పాల్ టేపు సెకనుకు 25 ఫ్రేములే అయినా, ఒక్కో ఫ్రేమును బేసి గీతలు, సరి గీతలు అని రెండు సగాలుగా వేరువేరు క్షణాల్లో నమోదు చేస్తుంది. అంటే సెకనుకు 50 కదలికలు. అందుకే టేపు సీరియల్లో మనుషులు మన గదిలోనే తిరుగుతున్నట్టుంటారు. 1970ల బ్రిటిష్ సిట్‌కామ్‌లలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంటిలోపల సీన్లు స్టూడియోలో వీడియో కెమెరాలతో, వీధి సీన్లు 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీసేవారు. పాత్ర గుమ్మం దాటి అడుగు బయట పెట్టగానే కదలిక తీరు, రంగు, రేణువు అన్నీ మారిపోతాయి. లోపల జారుతున్నట్టు నడిచిన మనిషి బయట సినిమాలో నడిచినట్టు నడుస్తాడు.

ఇంటర్నెట్‌లో దొరికే కాపీల్లో ఈ తేడా తరచుగా చచ్చిపోతుంది. ఎక్కించినవాళ్లు రెండు సగాలను కలిపి సెకనుకు 25 ఫ్రేములుగా కుదించేస్తారు. డిస్క్ ఉంటే వీఎల్‌సీ ప్లేయర్లో వీడియో మెనూకి వెళ్లి, ఆ సగాలను పూర్తి ఫ్రేములుగా మార్చే డీఇంటర్లేస్‌ను ఆన్ చేసి, పద్ధతుల్లో ‘యాడిఫ్ 2ఎక్స్’ గానీ ‘బాబ్’ గానీ ఎంచుకోండి. 50 కదలికలూ తిరిగొస్తాయి. చేతులు ఊపినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తున్నాయంటే డీఇంటర్లేస్ అసలు పనిచేయడం లేదన్నమాట.

నిడివి లెక్క

అరగంట స్లాటులో ప్రకటనలు పోగా అసలు కార్యక్రమం ఎంత? అమెరికా సీరియళ్లకు ఉజ్జాయింపు లెక్క ఇది: 1950లలో 26 నిమిషాల దాకా, 60లు, 70లలో 25 ప్రాంతంలో, 80లలో 24, 90లలో 22 నుంచి 23. ప్రకటనలు పెరిగేకొద్దీ కథ చిక్కిపోతూ వచ్చింది. 1955 నాటి ఎపిసోడ్‌ను 1990ల చానల్ అరగంటలో ఇరికించాలంటే మూడు నాలుగు నిమిషాలు కోయక తప్పదు.

కోతకు ముందు బలయ్యేది చివర టైటిల్స్‌కు ముందు వచ్చే చిన్న కొసమెరుపు సీను. తర్వాత ఉపకథలోని ఒక సీను, ఆ తర్వాత ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లే లింకులు. నష్టం అక్కడితో ఆగదు. రెండో నిమిషంలో వేసిన విత్తనం ఇరవయ్యో నిమిషంలో జోకై మొలవాలి. విత్తనాన్ని కోసేస్తే చివర్లో ప్రేక్షకులు పగలబడి నవ్వుతుంటారు, మనకు ఎందుకో అర్థం కాదు. ‘ఇందులో నవ్వడానికేముంది’ అని రాసేవాళ్లలో కొందరి బాధ ఇదే. కోత పడ్డచోటు చెవికి తెలుస్తుంది: నవ్వుల అల సహజంగా తగ్గకుండా కత్తితో కోసినట్టు తెగుతుంది, నేపథ్య సంగీతం మధ్యలో గెంతుతుంది.

అయితే నిడివి తక్కువ ఉన్నంత మాత్రాన కోత పడిందని తీర్మానించకండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు, పాల్ 25. ఫిల్మ్ సీరియల్‌ను పాల్‌లోకి మార్చేటప్పుడు సులువుగా ఉంటుందని 24నే 25 వేగంతో తిప్పేస్తారు. ఒక్క ఫ్రేము కూడా పోకుండానే 25 నిమిషాల ఎపిసోడ్ 24 నిమిషాలవుతుంది, 22 నిమిషాల 30 సెకన్లది 21 నిమిషాల 36 సెకన్లవుతుంది. అసలు నిడివిని 0.96తో గుణించి చూడండి. మీ కాపీ ఆ అంకెకు సరిపోతే అది కోత కాదు, వేగం. మనదీ పాల్ దేశమే కనుక, ఒకప్పుడు ఇక్కడ ఆ పద్ధతిలో వచ్చిన అమెరికా సీరియళ్లకూ ఈ లెక్క వర్తిస్తుంది.

వేగంతోపాటు గొంతుల శ్రుతి కూడా పెరుగుతుంది. ఎంతంటే, పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో సుమారు 70 శాతం. సంగీతం తెలిసిన చెవికి టైటిల్ పాట వినగానే దొరికిపోతుంది. సరిచేయాలంటే ప్లేయర్లో వేగం 0.96కి తగ్గిస్తే చాలదు. వీఎల్‌సీ లాంటివి వేగం తగ్గించినా శ్రుతిని అలాగే పట్టి ఉంచుతాయి. ఆడియోను విడిగా తీసి, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగమూ శ్రుతీ కలిసి మారే ఎఫెక్ట్‌తో 4 శాతం తగ్గించాలి. కొన్ని డిస్కుల్లో శ్రుతిని ముందే దిద్ది ఉంటారు కనుక, రెండో కాపీతో పోల్చకుండా చేయి పెట్టకండి.

ఇదంతా ఫిల్మ్ సీరియళ్లకే. ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’లాంటి అమెరికా టేపు సీరియల్‌ను పాల్‌లోకి మార్చడానికి వేరే యంత్రం వాడతారు. దానిలో వేగం మారదు, కదిలే వస్తువుల చుట్టూ మాత్రం కాస్త మసక చేరుతుంది. అలాంటి సీరియల్ నిడివి తక్కువుందంటే అది కోతే.

ఇక ప్రకటనల కోసం కొన్ని కేబుల్ చానళ్లు అక్కడొకటి ఇక్కడొకటి ఫ్రేములు తీసేసి, శ్రుతిని సరిచేసి, మొత్తాన్ని పరుగెత్తిస్తాయి. దీన్ని పట్టుకోవడం కష్టం. మాటకూ మాటకూ మధ్య విరామాలు కొలిచి డిస్క్‌తో పోల్చడం ఒక్కటే మార్గం. సిట్‌కామ్‌లో సగం నటన ఆ విరామంలోనే ఉంటుంది కనుక నా లెక్కలో కోత కంటే ఇదే పెద్ద నేరం.

గుంత కనిపించని గుంత ఎపిసోడ్

పాత టీవీ ఫ్రేము 4:3. ఇప్పటి తెర 16:9. పాత బొమ్మను ఉన్నదున్నట్టు పెడితే రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. 1920 పిక్సెళ్ల తెరలో అసలు బొమ్మ 1440, పట్టీలు చెరో 240. ఈ పట్టీలు చూసి ‘బొమ్మ సగమే వస్తోంది’ అనుకునే ప్రేక్షకుల భయంతో పంపిణీదారులు రెండు పనుల్లో ఒకటి చేస్తారు: సాగదీయడం, లేదా పైనా కిందా కోయడం.

సాగదీస్తే మనుషులు మూడో వంతు లావవుతారు. గోడ గడియారం, కంచం, కారు చక్రం కోడిగుడ్డులా కనిపిస్తే చాలు, ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. కోస్తే ఎత్తులో 25 శాతం పోతుంది. 2021 అక్టోబర్‌లో ‘సైన్‌ఫెల్డ్’ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినప్పుడు జరిగిందిదే. రోడ్డు మీద గుంత చుట్టూ తిరిగే ఎపిసోడ్‌లో ఒక పాత్ర వంగి చూస్తున్న గుంతే ఫ్రేములోంచి ఎగిరిపోయింది. కార్టూన్ సీరియల్ ‘ది సింప్సన్స్’ 2019 నవంబర్‌లో డిస్నీ ప్లస్‌లోకి వచ్చినప్పుడు ఇంకా నష్టం జరిగింది. బీరు కర్మాగారంలో మూడు రకాల బీర్లు వేరువేరు పీపాల్లో ఉంటాయి. పైన చూస్తే మూడింటికీ ఒకే గొట్టం నుంచి సరఫరా. జోకంతా ఆ గొట్టమే. పైభాగం కోసేశాక మిగిలింది మూడు పీపాలు. అభిమానులు గోల పెట్టాక 2020 మేలో 4:3లో చూసే వీలు ఇచ్చారు.

‘ఫ్రెండ్స్’ కథ దీనికి తిరగబడ్డది. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో పక్కలకు కొంత అదనపు చోటు ఉంటుంది. హెచ్‌డీ కోసం దాన్ని తెరిచారు. అప్పట్లో ఎవరూ చూడరనుకుని వదిలేసిన అంచుల్లో నటుల బదులు నిలబెట్టిన మనుషులు దర్శనమిచ్చారు. ఆ సీరియల్‌కు ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికాలో వచ్చిన డీవీడీల్లో చాలా ఎపిసోడ్లకు ప్రసారంలో లేని సీన్లు కలిపారు, స్ట్రీమింగ్‌లో ఉన్నవి ప్రసారమైన నిడివివే. కనుక డీవీడీ చూసినవాళ్లకు గుర్తున్న సీను స్ట్రీమింగ్ చూసినవాళ్లకు దొరకదు. చర్చ మొదలయ్యే ముందే ఎవరు ఏది చూశారో చెప్పుకోవడం మంచిది.

పాట మారితే సీనూ మారుతుంది

1970లలో సీరియల్లో ఒక పాట వాడుకోవడానికి కొన్న అనుమతి టీవీ ప్రసారం వరకే, అదీ కొన్నేళ్ల వరకే ఉండేది. ఇంట్లో పెట్టుకునే డిస్కులు, స్ట్రీమింగ్ ఎవరి ఊహలోనూ లేవు. ఇప్పుడు మళ్లీ విడుదల చేయాలంటే ప్రతి పాటకూ రెండు అనుమతులు కావాలి: రాసి బాణీ కట్టినవారి హక్కులకు ఒకటి, రికార్డు చేసిన కంపెనీ హక్కుకు ఇంకొకటి. ఒక్కరు ఎక్కువ అడిగినా పాట గల్లంతు.

రేడియో స్టేషన్ నేపథ్యంలో సాగిన ‘డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి’కి ఈ దెబ్బ బాగా తగిలింది. 2007లో వచ్చిన డిస్కుల్లో పాటల స్థానంలో ఊరూపేరూ లేని సంగీతం నింపారు. మాటలూ పాటా ఒకే ట్రాకులో కలిసిపోయినచోట పాటను మాత్రమే తీయడం కుదరదు కనుక కొన్నిచోట్ల డైలాగులనే వేరే గొంతుతో మళ్లీ చెప్పించారు. 2014లో వచ్చిన సెట్‌లో చాలా పాటలు తిరిగొచ్చాయి. ‘ది వండర్ ఇయర్స్’ 1993లో ముగిస్తే, పాటల హక్కులు తేలి పూర్తి డీవీడీ సెట్ రావడానికి 2014 దాకా పట్టింది. ‘మ్యారీడ్ విత్ చిల్డ్రన్’ డీవీడీలకు మూడో సీజన్ నుంచి టైటిల్ పాటే మారిపోయింది.

పాట మార్చిన సీను గుర్తుపట్టడానికి ఒక కొండగుర్తు: పాత్రల పెదాలు కదులుతున్నప్పుడు గదిలోని చిన్నచిన్న చప్పుళ్లు, అంటే కప్పు పెట్టిన శబ్దం, అడుగుల చప్పుడు ఒక్కసారిగా మాయమై, సంగీతం అయిపోగానే తిరిగొస్తాయి.

నవ్వులు ఎవరివి

వెనకాల వినిపించే నవ్వులన్నీ డబ్బాలోవే అన్న అపోహ మనదగ్గర గట్టిగా ఉంది. మూడు రకాలున్నాయి. స్టూడియోలో కూర్చున్న ప్రేక్షకుల నవ్వు మొదటిది. ఆ నవ్వుకే కాస్త తర్వాత అద్దింది రెండోది. ప్రేక్షకులే లేకుండా అచ్చంగా అతికించింది మూడోది. అతికించడానికి సీబీఎస్ సౌండ్ ఇంజినీరు చార్లీ డగ్లస్ 1950లలో ఒక పెట్టె తయారుచేశాడు. మీటలు నొక్కితే రకరకాల నవ్వులు పలుకుతాయి. చాలా ఏళ్లపాటు హాలీవుడ్ సీరియళ్లకు ఆ పెట్టెను పట్టుకుని ఆయనే తిరిగాడు.

‘మ్యాష్’ యుద్ధ వైద్యశిబిరం కథ. నడిచిన కాలం 1972 నుంచి 1983. నిర్మాతలకు నవ్వులు ఇష్టం లేదు, చానల్ పట్టుబట్టింది. ఆపరేషన్ గదిలో మాత్రం నవ్వులు ఉండకూడదన్న ఒప్పందం కుదిరింది. బ్రిటన్లో బీబీసీ నవ్వులు లేకుండానే చూపించింది. డీవీడీల్లో నవ్వులు తీసేసి చూసే వీలు ఉంది. రెండు రకాలుగానూ ఒకే ఎపిసోడ్ చూడండి. నవ్వులతో అల్లరిగా అనిపించిన పాత్ర, నవ్వులు తీసేస్తే అలసిపోయిన మనిషిలా కనిపిస్తుంది.

స్టూడియో ప్రేక్షకుల ఎదుట తీసినవాటికి ఈ ప్రయోగం పనికిరాదు. అక్కడ నటులు నవ్వు తగ్గేదాకా ఆగి తర్వాతి మాట అంటారు. ఆ నవ్వును చెరిపేసి, ‘చూడండి, ఎంత చప్పగా ఉందో’ అని వీడియోలు పెట్టేవాళ్లు నాటకంలోంచి ఒక పాత్రను తీసేసి నాటకం బాగాలేదంటున్నారు.

వరుస, మాయమైనవి

ఎపిసోడ్లకు రెండు వరుసలుంటాయి, తీసిన వరుస, ప్రసారమైన వరుస. ‘ఐ లవ్ లూసీ’లో మొట్టమొదట తీసిన ఎపిసోడ్ ప్రసారంలో నాలుగోది. ‘సింప్సన్స్’లో మొదట తయారైన ఎపిసోడ్ బొమ్మలు బాగా రాలేదని సరిదిద్ది మొదటి సీజన్ చివర్లో, 1990 మేలో వేశారు. పాత్రల తీరు ఎలా ఎదిగిందో చర్చించాలంటే తీసిన వరుస, ఆ రోజుల్లో జనం ఎలా చూశారో చర్చించాలంటే ప్రసార వరుస పట్టుకోండి. స్ట్రీమింగ్ యాప్‌లో అంకెలు ఈ రెండింటిలో ఏదో ఒకటై ఉంటాయన్న హామీ లేదు.

అసలు లేకుండా పోయినవీ ఉన్నాయి. టేపు ఖరీదైన రోజుల్లో బీబీసీ పాతవి చెరిపి కొత్తవి ఎక్కించుకునేది. ‘డాడ్స్ ఆర్మీ’ 80 ఎపిసోడ్లలో 1969 నాటి మూడు ఇంతవరకూ దొరకలేదు. అదే సంవత్సరపు ఇంకో ఎపిసోడ్‌ది విచిత్రమైన కథ. రంగుల టేపు పోయి, నలుపు తెలుపు ఫిల్మ్ కాపీ ఒకటే మిగిలింది. ఫిల్మ్ తీసేటప్పుడు రంగు సంకేతాన్ని వడకట్టకపోవడంతో అది సన్నని చుక్కల రూపంలో బొమ్మ మీద పడి ఉంది. ఏళ్ల తరబడి లోపమనుకున్న ఆ చుక్కల్లోంచే రంగును లెక్కగట్టి వెలికితీసి, 2008 డిసెంబర్‌లో మళ్లీ రంగుల్లో చూపించారు.

కొన్నింటిని కావాలనే పక్కన పెడతారు. 2020 జూన్‌లో హులూ అనే అమెరికా స్ట్రీమింగ్ సర్వీసు ‘గోల్డెన్ గర్ల్స్’ నుంచి ఒక ఎపిసోడ్ తీసేసింది. అందులో ముఖానికి బురద పూత వేసుకున్న సీను ఉంది, అది నల్లజాతివారిని వెక్కిరించే వేషంలా కనిపిస్తుందన్నది బెంగ. అదే నెలలో ‘ఫాల్టీ టవర్స్’లో ఒక ఎపిసోడ్‌ను ఆపి, తర్వాత ముందుమాటతో తిరిగి పెట్టారు. సీజన్‌లో అంకె గెంతిందా అని ముందే చూసుకోండి.

ఒకే కాపీ చూసినా ఒకే మాట మీద ఉండరన్నది వేరే సంగతి. ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’లో జాత్యహంకారి ఆర్చీ బంకర్‌ను ఎగతాళి చేయడానికే నార్మన్ లియర్ ఆ సీరియల్ తీశాడు. విడ్మార్, రోకీచ్ అనే మనస్తత్వ పరిశోధకులు 1974లో ప్రచురించిన అధ్యయనంలో, పక్షపాతం ఎక్కువున్న ప్రేక్షకులు ఆర్చీనే మెచ్చుకున్నట్టు తేలింది. ఇలాంటి విభేదం చర్చకు అసలైన సరుకు. కాపీల తేడా ముందే తేల్చుకుంటే ఇక్కడికి తొందరగా చేరతాం.

మన అమృతం సంగతి

తెలుగులో మళ్లీ మళ్లీ చూసే సీరియల్ అంటే ముందు నోట వచ్చేది ‘అమృతం’. గుణ్ణం గంగరాజు సృష్టి. జెమినీ టీవీలో 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ దాకా, ఆదివారం రాత్రుళ్లు, 313 ఎపిసోడ్లు. ఇక్కడ కాపీల చిక్కు కంటే నటుల చిక్కు ఎక్కువ. అమృతం పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు. అంజిగా గుండు హనుమంతరావు చివరిదాకా ఉన్నారు. కనుక ‘అమృతం అమాయకుడా, గడుసువాడా’ అన్న చర్చకు ముందు ఏ అమృతమో చెప్పాలి. ఒక్కో నటుడి చేతిలో అంజితో సమీకరణం ఒక్కో రకం. ఎపిసోడ్ తేదీ తెలియకపోయినా నటుణ్ని చూసి కాలాన్ని ఉజ్జాయింపుగా కట్టొచ్చు. 2020లో జీ5లో వచ్చిన ‘అమృతం ద్వితీయం’లో అంజి ఎల్.బి. శ్రీరామ్. అప్పటికి హనుమంతరావు లేరు.

చాలా కథలు రెండు మూడు వారాలు సాగాయి. యూట్యూబ్‌లో వెతికితే రెండో భాగం ముందు తగులుతుంది. వరుస సంఖ్య చూసి ఒక ఎపిసోడ్ వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి.

అధికారికంగా పెట్టిన కాపీలు వదిలేసి ఎవరెవరో ఎక్కించినవి చూస్తే ఇంకో బెడద. హక్కుల తనిఖీని తప్పించుకోవడానికి బొమ్మను అద్దంలోలా తిప్పేస్తారు, శ్రుతి పెంచేస్తారు, చుట్టూ అంచు కోసేస్తారు. హోటల్ బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయా, అందరూ ఎడమ చేత్తో తింటున్నారా చూడండి. అలాంటి కాపీలో హావభావాల టైమింగ్ గురించి మాట్లాడుకుని లాభం లేదు.

ఇంట్లో క్యాసెట్ ఉంటే

జెమినీ, ఈటీవీ రెండూ 1995లో మొదలయ్యాయి. ఆ రోజుల్లో టీవీ నుంచి రికార్డు చేసుకున్న వీహెచ్ఎస్ క్యాసెట్లు ఇంకా కొన్ని ఇళ్లలో అటక మీద ఉన్నాయి. బొమ్మ నాణ్యత తక్కువే అయినా, ప్రకటనలతో సహా ఆ రాత్రి ఏం వచ్చిందో చూపే సాక్ష్యం అదే. నిడివి, టైటిల్స్, పాట మీద తగువులు తీర్చడానికి దానికి మించింది లేదు.

ముందు క్యాసెట్ మూత ఎత్తి టేపు అంచు చూడండి. తెల్లటి బూజు పొడి కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టొద్దు. టేపును చదివే హెడ్ పాడవడమే కాక, ఆ బూజు తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. కోస్తా ఊళ్లలో తేమకు ఇది చాలా మామూలు. బూజు లేకపోతే చివరిదాకా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి చుట్టి టేపు వదులు తీసేయండి. ఈ-180 క్యాసెట్ మామూలు వేగంలో 3 గంటలు, సగం వేగంలో 6 గంటలు. సగం వేగంలో రికార్డు చేసింది అన్ని వీసీఆర్లలో సరిగా ఆడదు, దాన్ని రికార్డు చేసిన యంత్రమే దొరికితే మేలు.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వీసీఆర్‌కు ఎస్-వీడియో సాకెట్ ఉంటే పసుపు వైరు బదులు అది వాడండి. 720×576, 25 ఫ్రేములు, ఇంటర్లేస్డ్‌గానే, అంటే రెండు సగాలనూ విడిగా ఉంచే నమోదు చేయండి. డీఇంటర్లేస్ ఆ దశలో వద్దు, ఒకసారి కలిపేసిన సగాలను మళ్లీ విడదీయలేం. బొమ్మ కింద నాలుగైదు గీతలు వణుకుతుంటే కంగారు పడక్కర్లేదు, హెడ్ మారేచోటు అది, పాత టీవీల్లో అంచు కింద దాగేది. బొమ్మంతా మంచు కురిసినట్టుంటే హెడ్‌కు మురికి పట్టింది. పట్టీలు పట్టీలుగా చెదురుతుంటే వీసీఆర్ మీది ట్రాకింగ్ మీట తిప్పండి. ప్రకటనలు కత్తిరించకండి. ఎపిసోడ్ ఏ వారానిదో తేల్చడానికి పండగ చీరల సేల్ ప్రకటనో, కొత్త సినిమా విడుదల ప్రకటనో తరచుగా పనికొస్తుంది.